ఎర్ర గుర్తుల దారిలో పెళ్లిచూపులు

మా ఇంట్లో ఇబ్రహీంపట్నం చెరువు కట్టకు మించిన ఎత్తు ఎక్కినవాళ్లు లేరు. అన్న ఒకసారి బంతి కోసం డాబా మీది నీళ్ల ట్యాంకు ఎక్కాడు. దిగడానికి పక్కింటివాళ్లు నిచ్చెన తేవలసి వచ్చింది. అలాంటి అన్న, సంబంధం మాట్లాడుకునే రోజుల్లో, ఫోనులో అమ్మాయితో "ట్రెక్కింగంటే నాకు పాణమండీ" అన్నాడు. ఆ "అండీ" కూడా మా ఇంట్లో అప్పుడే మొదటిసారి వినపడింది.

వాళ్లది కోస్తా నుంచి వచ్చి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర స్థిరపడిన కుటుంబం. అమ్మాయి నిజంగానే సెలవు దొరికితే అడవుల్లో నడిచే మనిషి. "అయితే ఇంట్లో కాఫీలెందుకు? రాచకొండకు వెళ్దాం. పైకి చేరాక నా జవాబు చెప్తాను," అందట. అన్నకు ఆమె ఎంత నచ్చిందంటే, మారుమాట్లాడకుండా వెళ్లి బూట్లు కొన్నాడు.

ఇద్దరినే పంపే అలవాటు రెండిళ్లలోనూ లేదు. కాబట్టి ఇటు అమ్మ, అటు వాళ్లమ్మగారు, మధ్యలో పులిహోర డబ్బా, దానికి కాపలాగా నేను.

మంచాల ఊరు దాటాక అడవి అంచున కారు ఆపాం. ట్రెక్కింగ్ గ్రూపు వాళ్లెవరో అక్కడి బండలకు రంగులు వేశారని అమ్మాయి చెప్పింది. ఆకుపచ్చ సులువు, పసుపు మధ్యరకం, ఎరుపు కష్టం. అమ్మలిద్దరినీ ఆకుపచ్చ దారిలో పంపి, మేము ముగ్గురం ఎరుపు అనుకున్నాం. అంటే, అమ్మాయి అనుకుంది. అన్న చూపు మాత్రం అమ్మ వెనకాలే పోతోంది.

కారుకు కాస్త దూరంలో తల ఎర్రగా ఉన్న రాయి కనపడింది. "ఇటేనండీ," అని అన్న ముందు నడిచాడు. ఇంకో ఎర్ర రాయి. ఇంకోటి. నేల చాప పరిచినట్టు చదునుగా ఉంది. చుట్టూ సీతాఫలం పొదలు. అన్నకు ధైర్యం వచ్చింది.

"ఇదేనా కష్టం? నాకేం తెలుస్తనే లేదండీ."

"నాకూ తెలియట్లేదు," అమ్మాయి నుదురు చిట్లించింది. "మనం పైకెక్కాలి కదా?"

"ఎత్తు ముంగట ఉంటదేమో," అన్నాను, నాకేదో తెలిసినట్టు.

రాళ్లు ఉన్నట్టుండి ఎడమకు తిరిగాయి, మంచం మూలలో పట్టె తిరిగినట్టు. కాసేపటికి మళ్లీ ఎడమకు. ఇందాక వీపు మీదున్న ఎండ మొహం మీదికెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇంకో మలుపు తిరిగితే ఎదురుగా కారు.

"మనమే అనుకున్న. ఇంకెవరో గూడ వచ్చిన్రు," అన్నాడు అన్న.

దగ్గరికెళ్తే మా కారే.

వంగి రాయిని చూశాను. దాని మీద ప్లాటు నంబరు ఉంది. హద్దురాళ్లను వికెట్లు చేసుకుని క్రికెట్ ఆడి పెరిగిన అన్నదమ్ములం, ఎవరిదో వెంచర్ చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చాం.

"తూర్పు ఫేసింగే," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"ఓరి పిలగాండ్లూ! గాడ ఏం జేస్తున్రు?"

కేక పైనుంచి. తలెత్తితే కొండ నెత్తిన, ఏనుగంత బండ మీద, కొంగు నడుముకు దోపుకుని అమ్మ. పక్కన వాళ్లమ్మగారు, చెప్పులు చేత్తో పట్టుకుని.

"అమ్మా, గాడికెట్ల పోయినవే?"

"బండలకు ఎర్రగ బొట్లు పెట్టిన్రు కదరా! పైన అమ్మవారు ఉంటదని వచ్చినం. ఈడ ఎవ్వల్లేరు!"

"కొబ్బరికాయైనా తేలేదే అని దారంతా ఒకటే బాధండీ!" అని వాళ్లమ్మగారు అందుకున్నారు.

సులువు దారిలో పంపినవాళ్లు కష్టం కొసన ఉన్నారు. కష్టం ఎంచుకున్నవాళ్లం కారు దగ్గర ఉన్నాం. ఇందులో ఎవరు తప్పిపోయినట్టో నాకిప్పటికీ తేలలేదు.

అమ్మాయి అన్న వైపు తిరిగింది. "జవాబు పైనే అన్నాను కదా."

అన్న ఎక్కాడు. మొదట కాళ్లతో, తర్వాత చేతులతో కూడా. సగంలో ఒక బండను కరుచుకుని ఆగిపోయాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. నిచ్చెన తెచ్చే పక్కింటివాళ్లు ఆ అడవిలో లేరు.

"నేను అబద్ధం చెప్పిన," అన్నాడు బండతోనే. "వాటర్ ట్యాంకు దప్ప ఏం ఎక్కలే. మీరు ఫోన్ పెట్టేస్తరేమోనని గట్లన్న." అండీ ఎక్కడో కింద జారిపోయింది.

"తెలుసు," అంది వెనకే ఎక్కుతున్న అమ్మాయి. "మీ బూటు అడుగున స్టిక్కరు ఇంకా ఊడలేదు. కుడికాలు ఆ పగుల్లో పెట్టండి. అది కాదు, కుడికాలు."

అలా ఒక్కో కాలూ చెప్పించుకుంటూ పైకి చేరాడు. చేరగానే అమ్మ పులిహోర అడిగింది. నేను కాపలా కాయవలసిన డబ్బా కారులోనే ఉంది. దిగి, తీసుకుని, మళ్లీ ఎక్కేసరికి అక్కడ అందరూ ఎటో ఒకవైపు చూస్తూ కూర్చుని ఉన్నారు.

"చెప్పిందా?" అని అన్న చెవిలో అడిగాను.

"చెప్పిందిరా."

"ఏమని?"

"వినపడలే. నా ఊపిరి సప్పుడే వినపడ్డది. మల్ల అడగాలంటే భయమైతుంది."

జవాబు తెలియకుండానే పులిహోర తిన్నాం, కొండ దిగాం, కొత్త జంట మా గడప ముందు నిలబడే రోజు వరకూ వచ్చాం. "కుడికాలు పెట్టుండ్రి," అన్నారు పెద్దలు. వదిన పెట్టింది. తర్వాత అన్న పాదాల వైపు చూసి మెల్లగా అంది:

"అది కాదు, కుడికాలు."