నాలుగో గది రిలేకు పెట్టిన పేరు

2023లో మా వర్క్‌షాపు పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో ఒక మేడ మీద ఉండేది. నేనూ, నాతో పనిచేసే కిశోర్ అనే ఇంజనీరూ కలిసి పడవలకూ ఐసు ఫ్యాక్టరీలకూ ఎలక్ట్రానిక్ బోర్డులు డిజైన్ చేసేవాళ్ళం. వానలకు ముందు, దక్షిణాన వేరే దీవిలో ఉన్న హట్ బే నుంచి ఓడలో రమణమ్మగారు వచ్చారు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడిన మత్స్యకారుల కుటుంబం ఆమెది. అక్కడి ఆడవాళ్ళంతా కలిసి నడిపే చేపల కోల్డ్ స్టోరేజీని ఆమే చూసుకునేవారు. అందులో ఆరు గదులు. ఆరింటి చల్లదనాన్నీ అదుపు చేసే బోర్డు ఒకటి కావాలన్నారు.

మాటలన్నీ అయ్యాక గుమ్మం దగ్గర ఆగి, "పాడైతే ఏది ఏ గదిదో నాకెలగ తెలుస్తాదమ్మా? మీరు సముద్రానికి ఇవతలుంటారు. ఓడ రాకపోతే నా గతేటి?" అన్నారు.

ఆ ప్రశ్నను నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఇలాంటి బోర్డుకు స్కీమాటిక్, అంటే సర్క్యూట్ పటం, ఆరుసార్లు గీయం. ఒక గది సర్క్యూట్‌ను ఒక షీట్ మీద గీసి, ఆ షీట్‌నే ఆరుసార్లు వాడతాం. గీసింది ఒక్కసారే అయినా బోర్డు మీద ప్రతి భాగమూ ఆరు చోట్ల ఉంటుంది, ప్రతిదానికీ తనదైన పేరు కావాలి. ఈ పేర్లు పెట్టడాన్ని యానొటేషన్ అంటారు. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే వరుసగా అంకెలు వేసుకుంటూ పోతుంది. మొదటి గదిలో D1, D2 అనే దీపాలుంటే నాలుగో గదికి వచ్చేసరికి అవే D7, D8 అవుతాయి. కంప్యూటర్‌కు దానితో ఏ ఇబ్బందీ లేదు. కానీ D8ని చూసి, ఇది నాలుగో గదిదని రమణమ్మగారు ఎలా చెప్పగలరు?

షీట్ నంబరును వందల స్థానంలో పెడదామన్నాను. అప్పుడు నాలుగో గదివన్నీ నాలుగు వందల అంకెల్లో ఉంటాయి.

కిశోర్ ఒప్పుకోలేదు. "అరె దీదీ, లేఅవుట్ అయిపోయింది. ఇప్పుడు పేర్లు కదిపితే సబ్ గడ్‌బడ్ అయిపోద్ది."

అతని భయం నిజమే. పటంలో పేరు మారి, బోర్డు మీద భాగాలెక్కడుండాలో చూపే లేఅవుట్‌లో మారకపోతే ఒకదాని తీగలు ఇంకొకదానికి పోతాయి. అయినా మొదలుపెట్టాను. మొదటి ప్రయత్నంలోనే చిక్కు వచ్చింది. ఆరు గదుల షీట్లనూ కలుపుతూ పైనుండే ప్రధాన షీట్‌ను సాఫ్ట్‌వేర్ ఒకటో నంబరుగా లెక్కపెట్టడంతో ఒకటో గదికి రెండు వందల అంకెలు పడ్డాయి. ప్రధాన షీట్‌ను చివరికి పంపి, గదులకు వాటి నంబర్లే ఇచ్చాను. తర్వాత ఇద్దరం పక్కపక్కన కూర్చుని ప్రతి భాగాన్నీ పటంతో సరిచూశాం. కిశోర్ గొణుగుతూనే ఉన్నాడు, కానీ ఒక్కటీ వదల్లేదు.

బోర్డు బిగించిన తర్వాత వానలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం రమణమ్మగారి ఫోను.

"అమ్మా, నాలుగో గది వేడెక్కిపోతంది! ఓడ కేన్సిలంట. సూర చేపంతా ఆ గదిలోనే ఉంది. వారం రోజులు సముద్రంలో ఏటాడి తెచ్చిందమ్మా అది, ఊరందరి కష్టం!"

"కంగారు పడకండి. బోర్డు మీద D402 అని రాసిన ఎర్ర దీపం వెలుగుతోందా?"

"నాలుగు సున్నా రెండు... ఆఁ, ఎలుగుతంది."

అంటే గదిని చల్లబరిచే కంప్రెసర్‌ను నడపమన్న ఆజ్ఞ రిలే దాకా వస్తోంది. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు. అదే మొండికేసింది. ఆరో గది ఖాళీగా ఉందని ఆమె అంతకుముందే చెప్పారు. ముందు మెయిన్ స్విచ్చు ఆపించాను.

"ఇప్పుడు K401 రిలేను సాకెట్‌లోంచి లాగెయ్యండి. K601 తీసి దాని చోట పెట్టండి."

"నాలుగుతో మొదలైతే నాలుగో గదిది, ఆరుతో మొదలైతే ఆరో గదిది. అంతే కదా?"

"అంతే!"

కిశోర్ నా ఫోను దగ్గరికి చెవి పెట్టాడు. అవతల వాన హోరుగా కురుస్తోంది. తర్వాత మెయిన్ వేసిన టక్కుమన్న శబ్దం, వెంటనే కంప్రెసర్ గుర్రుమంటూ అందుకోవడం ఇద్దరికీ వినిపించాయి. వెనక ఆడవాళ్ళంతా ఒక్కసారి కేకలు వేశారు.

"నడిసిందమ్మా! నా సేత్తోనే నడిపించాను!" రమణమ్మగారు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

కిశోర్ బల్ల మీద గట్టిగా చరిచి, "జీత్ గయే దీదీ, గెలిచేశాం!" అన్నాడు. ఓడ మళ్ళీ నడిచినప్పుడు సూర చేప చెక్కుచెదరకుండా మా ఊరి చాతం జెట్టీలో దిగింది.

అప్పటి నుంచి ఏ బోర్డుకైనా యానొటేషన్‌ను చివర్లో కాక మొదట్లోనే ఆలోచిస్తున్నాం. ఒకే సర్క్యూట్‌ను ఎన్నిసార్లయినా వాడుకోవడం మా సౌలభ్యం. బోర్డు ముందు నిలబడ్డవాళ్ళకు మాత్రం పాడైన గది ఒక్కటే. దాన్ని వాళ్ళు తడుముకోకుండా వేలుపెట్టి చూపించగలిగితేనే మేం పెట్టిన పేరు పేరు.