నూటికి ఎనిమిది

నాంపల్లిలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఆర్ట్స్ విద్యార్థులకు వారానికో గంట రోజువారీ లెక్కలు చెప్పాలని పట్టుబట్టిన మనిషి లెక్కల మాస్టారు వామన్‌రావు. పంతొమ్మిది వందల నలభైల మొదట్లో మాట. ప్రిన్సిపాలు ఒక్క ఏడాదికి ఒప్పుకున్నాడు. చివర్లో తనిఖీకి వచ్చే అధికారి మెచ్చితేనే ఆ క్లాసు ఉంటుంది, లేకపోతే ఎత్తేస్తారు.

ఆ పిల్లలతో వేగడం మాటలు కాదు. బోర్డు మీద 'నూటికి ఇంత' అని రాస్తే చాలు, తలలు వాలిపోయేవి.

"లెక్కలు రాకనే గద సార్, ఆర్ట్స్‌ల చేరినం" అనేవాడు వెనక బెంచీ సదాశివ, అదేదో ఘనకార్యమైనట్టు.

వాళ్ళే ఆబిడ్స్ హోటల్లో చాయ్ తాగుతూ, "మా దిక్కు పంట పన్నెండణాలొచ్చింది" అనుకోవడం ఒకనాడు వామన్‌రావు విన్నాడు. రూపాయికి పదహారణాలు గనక పన్నెండణాలంటే ముప్పాతిక. పంటైనా, పనైనా, జబ్బు నయం కావడమైనా ఇక్కడివాళ్ళు అణాల్లోనే చెబుతారు. ఇంత తెలిసిన వెధవలకు నూరంటే భయమేమిటని ఆయనకు ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి అన్నీ అణాల్లోకి దింపేశాడు. నూటికి యాభై అంటే ఎనిమిదణాలు, డెబ్బై ఐదంటే పన్నెండు. పిల్లలు టకటకా జవాబులిచ్చారు. ఆయన మురిసిపోయాడు. మురవక ఏం చేస్తాడు, పాపం!

తనిఖీ రోజున అధికారి ఏరి ఏరి సదాశివనే లేపాడు. ఒక ఊళ్ళో నూటికి ఎనిమిది మందికి ప్లేగు టీకాలు వేశారు. ఇంకా ఎంతమందికి వేయాలి?

"సగం మందికి సార్!"

అధికారి నవ్వాడు. ప్రిన్సిపాలు నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే క్లాసు రద్దయింది.

వామన్‌రావు సదాశివను ఖాళీ గదిలోకి పిలిచి విరుచుకుపడ్డాడు. "ఏంరా, నూటికి ఎనిమిదంటే సగమెట్లయితదిరా?"

"ఎనిమిదంటే సగమని మీరే గద సార్ చెప్పిన్రు!"

కోపం పిల్లవాడి మీద నిలిస్తే ఎంత హాయిగా ఉండేది! జవాబులు సరిగ్గా వస్తున్నాయి గదా అని, అణాల నుంచి మళ్ళీ నూటికి రావడం ఆయన నేర్పనే లేదు.

సుద్దముక్క తీసుకుని పదహారు గళ్ళు గీశాడు. పక్కనే నూరు గళ్ళు, చేయి నొప్పి పుట్టేదాకా. రెండింటిలోనూ ఎనిమిదేసి గళ్ళు నింపాడు. సదాశివ కాసేపు చూసి, మొహం వికసించి, "గింతేనా సార్?" అన్నాడు. "గిది నిన్న చెప్తే ఎంత బాగుండె!"