పప్పు చెప్పిన అబద్ధం

గువ్వలపల్లి బడిలో అన్నం గంట పన్నెండున్నరకు కొడతారు. వంటచేసే అలివేలమ్మ కాచే పప్పుసారు వాసన మాత్రం పదకొండుకే క్లాసుల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ పాఠం చెప్పినా పిల్లల తలకెక్కదని మూర్తి మేష్ట్రు ఏనాడో ఒప్పేసుకున్నాడు. లెక్కలు పొద్దున్నే ముగించి, ఆ గంటన్నరా బొమ్మలు గీయిస్తాడు. తనిఖీకి వచ్చే అధికారులకు కూడా ఎందుకోగాని ఎప్పుడూ పన్నెండు దాటాకే తీరిక దొరుకుతుంది.

ఎవరైనా సారును మెచ్చుకుంటే అలివేలమ్మ ఆ మెప్పులో సగం నీళ్ళకు ఇచ్చేస్తుంది.

"నాదేముండాది సార్, అంతా పిల్లప్ప బోరు మహిమ" అంటుంది. మిగతా సగం మాత్రం గరిటె పట్టిన చేతికే ఉంచుకుంటుంది.

నీళ్ళ మంచిచెడ్డలు తేల్చడానికి ఆమెకు తెలిసిన పరీక్ష ఒక్కటే, కందిపప్పు. ఊళ్ళో పంచాయతీ బోరు ఒకటుంది. దాని నీళ్ళలో పప్పు ఎంతసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, కుక్కరు ఎన్ని కూతలు కూసినా అంతే. పిల్లప్ప తన పొలంలో వేయించిన బోరు నీళ్ళలో అదే పప్పు రెండు పొంగులకే మెత్తగా చితికిపోతుంది. ఇంతకంటే రుజువేం కావాలని ఆమె వాదం. ఊరంతా ఆ వాదానికి తలవంచింది. పిల్లప్పను ఒప్పించి ఆ బోరు నుంచి బడికి గొట్టం వేయించింది కూడా ఆమే. పిల్లలు సీసాలు నింపుకునేది ఆ కొళాయి దగ్గరే.

ఆమెకున్న రెండో గొప్ప ఆమె పళ్ళు. యాభై నాలుగేళ్ళు నిండినా ఒక్క మచ్చ లేకుండా తెల్లగా ఉంటాయి. ఆమె పుట్టింది ఆండర్సన్‌పేటలో. తండ్రి బంగారు గనిలో దిగి పనిచేసేవాడు, ఇంటి ముందు వీధి కొళాయిలో బేతమంగళ చెరువు నీళ్ళు వచ్చేవి. పద్దెనిమిదో ఏట పెళ్ళయి, ఆ చెరువుకు దగ్గర్లోనే ఉన్న గువ్వలపల్లికి వచ్చింది. వచ్చాక తెలిసిందేమిటంటే, చెరువు నీళ్ళు గొట్టమెక్కి దూరాన ఉన్న గనుల ఊరికి పోతాయిగాని పక్కనున్న పల్లెకు రావు. ఈ సంగతి మీద కొత్తకోడలు చేసిన వ్యాఖ్యానాలు ఇక్కడ రాయడం మర్యాద కాదు. మరుసటి ఏడే పిల్లప్ప బోరు పడింది, ఆమె శాంతించింది.

ఊరి పిల్లల పళ్ళ మీద మాత్రం గోధుమరంగు చారలుండేవి. గార అంటారు. అలివేలమ్మ లెక్కలో దానికి కారణం సోమరితనం. భర్త ఆంజనప్ప పోయాక బడిలో వంటకు కుదిరిన రోజు నుంచీ, అన్నం వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ప్రతి ఒక్కరినీ "పండ్లు చూపించు" అనేది. గార కనబడితే, "తోమినావా, ఉత్తినే నీళ్ళు పుక్కిలించినావా?" అని ఒక చురక వేసేది. ఇరవై ఏళ్ళలో ఆ చురక తినని పిల్ల ఊళ్ళో లేదు. వాళ్ళలో కొందరు ఇప్పుడు తమ పిల్లలను బడిలో దింపడానికి వస్తారు, ఆమెను చూడగానే నోరు మూసుకుంటారు.

అందరికంటే ఎక్కువ తిన్నవాడు కన్నకొడుకు ఆనంద్. పాలపళ్ళు ఊడి కొత్తవి మొలిచినప్పుడు గార వాటితోపాటే వచ్చింది. తెల్లపళ్ళ తల్లికి అది తలవంపులైంది. రోజూ పొద్దున్నే వాణ్ణి పెరట్లో కూర్చోబెట్టి బొగ్గు, ఉప్పు కలిపి తోమేది. అది పనిచేయకపోతే పెరటి గోడలో ఒక ఇటుకను రాయితో గీకి ఆ పొడితో రుద్దేది. చిగుళ్ళు చిట్లి రక్తం వస్తే, "రోజూ సరిగ్గా తోముకుంటే ఈ గతి ఎందుకు?" అని నెత్తిన ఒకటి మొట్టేది. మూడేళ్ళు అలా సాగింది. ఇటుకలో గుంట పడింది, గార మాత్రం పోలేదు. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం వాడు అప్పుడే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆనంద్‌కు ముప్పై నాలుగేళ్ళు. బేతమంగళ నుంచి రాబర్ట్‌సన్‌పేటకు ఆటో నడుపుతాడు. పెళ్ళి ఫోటోలో కూడా పెదాలు బిగించే ఉన్నాడు. ఆటో స్టాండులో అతనికి మౌనిస్వామి అని పేరు.

ఇలా ఉండగా పోయిన ఏడు నాగరత్న ఒక పెట్టె పట్టుకుని బడికి వచ్చింది. నాగరత్న ఆ ఊరి పిల్లే, ఆ బడిలో చురకలు తిన్నదే. పంచాయతీ వాళ్ళు ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పించారు, వాళ్ళలో ఆమె ఒకతె. వంటగది గట్టు మీద రెండు గాజు గొట్టాలు నిలబెట్టి, ఒకదాంట్లో పంచాయతీ బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో పిల్లప్ప బోరు నీళ్ళు పోసింది. రెంటిలోనూ మందు చుక్కలు వేసింది. మొదటిది ఎర్రగా నిలిచింది. రెండోది మెల్లగా పసుపు తిరిగింది.

"చూస్తివా?" అంది అలివేలమ్మ. "పనికిరాని నీళ్ళకు ఎర్రబావుటా చూపించింది. మన బోరుకు పసుపు. శుభమాని పసుపు కనబడినాక ఇంగ వేరే సర్టిఫికెట్ ఎందుకు?"

వంటలో సాయం చేసే సొన్నమ్మకు ఆ మాట చాలు. నాగరత్న రంగుల అట్ట మడత విప్పేలోపే వెళ్ళి బోరు కొళాయికి పసుపూ కుంకుమా పెట్టి, దండం కూడా పెట్టుకుని వచ్చింది.

"అలివేలత్తా, రవంత నా మాట విను" అంది నాగరత్న. "ఈ పరీక్షలో ఎరుపు నిలిస్తేనే మంచిది. పసుపు తిరిగితే నీళ్ళల్లో ఫ్లోరైడు జాస్తి ఉండాదని లెక్క."

"పసుపును చెడ్డదనే పరీక్ష అదేం పరీక్షమ్మా?"

"అది భూమిలో రాతిలోంచి దిగుతుంది అత్తా. వాసన రాదు, రుచి తెలీదు. చిన్నపిల్లోళ్ళు ఆ నీళ్ళు తాగితే చిగుళ్ళ లోపల తయారయ్యే పండ్లను పాడు చేస్తుంది. బయటికొచ్చేలోపే గార పట్టింటుంది. తోమితే పోయేది కాదు."

"మరి పప్పు అంత బాగా ఉడుకుతుంది గదా?"

"అదే తంటా. సున్నం తక్కువుండే నీళ్ళల్లో పప్పు బాగా ఉడుకుతుంది. అట్లాంటి నీళ్ళల్లోనే ఫ్లోరైడు కూడా ఎక్కువ చేరుతుందంట. ట్రైనింగులో చెప్పినారు."

అలివేలమ్మకు కోపం నషాళానికంటింది. నిన్నమొన్నటిదాకా ముక్కు తుడిచిన పిల్ల, రెండు గాజు గొట్టాలు పట్టుకొచ్చి తన పప్పుకు వంక పెట్టడమా?

"ఇరవై ఏండ్లుగా ఈ పొయ్యి ముందర ఉండాను. పప్పు నాకు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నీ పెట్టె సర్దుకో."

నాగరత్న సర్దుకుంది. గడప దాటబోతూ ఒక్క మాట అడిగింది. "అత్తా, నీ పండ్లు తెల్లగా ఉండేది బొగ్గు వల్లనే అంటావు. నువ్వు చిన్నప్పుడు యాడి నీళ్ళు తాగినావు?"

ఆ ప్రశ్న అక్కడే వంటగదిలో ఉండిపోయింది. మధ్యాహ్నం వరసలో పిల్లలు నిలబడ్డారు. అలివేలమ్మ అలవాటు కొద్దీ "పండ్లు చూపించు" అందిగాని ఆ రోజు చూపు వేరు. ఎదురుగా గగన్ ఉన్నాడు. బళ్ళో వాడంతటి బద్ధకస్తుడు లేడు, ఆదివారం పళ్ళు తోముకోనని వాడే చెబుతాడు. వాడు రెండేళ్ళ కిందట గనుల ఊరు కేజీఎఫ్ నుంచి అవ్వ ఇంటికి వచ్చి చేరినవాడు. వాడి పళ్ళు తెల్లగా ఉన్నాయి. వాడి వెనక రెండుపూటలా తోముకునే పిల్ల, నోటినిండా గార. తర్వాత పిల్లప్ప కొడుకులు గుర్తొచ్చారు. బోరు పడేనాటికి పెద్దవాడికి పదేళ్ళు, వాడి పళ్ళకేమీ లేదు. చిన్నవాడు బోరు పడ్డాక పుట్టాడు, వాడికి గార. బయటి నుంచి ఊళ్ళోకి కోడళ్ళుగా వచ్చిన ఆడవాళ్ళను ఒక్కొక్కరినే తలచుకుంది, వాళ్ళకూ గార లేదు. చివరికి ఆనంద్ దగ్గరకు వచ్చి ఆగింది. ఆ రోజు ఒకడి పళ్ళెంలో సారు పోయడం మరచిపోయి, అన్నం మీద మళ్ళీ అన్నమే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నాగరత్న ఇంటి ముందు నిలబడింది. ఆమె అడగడానికి వచ్చింది మనవరాలు ధన్య గురించి. ధన్య ఆనంద్ కూతురు. మూడేళ్ళది, బడి ఆవరణలోని అంగన్‌వాడీకి వస్తుంది, ఆ కొళాయి నీళ్ళే తాగుతుంది.

"ఇప్పుడు మానిపిస్తే?" అంది.

"పాలపండ్లు ఊడేదానికి ఇంగా టైముండాది గదా అత్తా. ఇప్పుడే మానిపిస్తే వచ్చే పండ్లు చాలావరకు బాగుంటాయి" అంది నాగరత్న. నిన్నటి మాట ఎత్తలేదు. అలివేలమ్మ కూడా ఎత్తలేదుగాని, వెళ్ళేముందు ఆ పిల్ల ఇచ్చిన కాఫీ మొత్తం తాగింది. ఆమె ఇంకొకరి చేతి కాఫీ పూర్తిగా తాగడం ఊరికి తెలిసి అదే మొదలు.

ఊరి మొగదల సర్కారు కట్టించిన నీటి శుద్ధి యంత్రం ఒకటుంది. ఆ నీళ్ళు చప్పగా ఉంటాయని కొందరు, అలివేలమ్మ వాటిని 'చచ్చిన నీళ్ళు' అన్నదని తక్కినవాళ్ళు దాని మొహం చూడ్డం మానేశారు. ఇప్పుడు అక్కడి నుంచే రోజూ పది క్యాన్లు బడికి రావాలంది అలివేలమ్మ. ఆటోలో వేసుకు రమ్మని ఆనంద్‌కు చెప్పింది. ఎందుకని అడిగితే "మేష్ట్రు చెప్పినాడు" అంది. అతను రెండోసారి అడిగే రకం కాదు. బోరు కొళాయి పళ్ళేలు కడగడానికే పరిమితమైంది. కొత్త నీళ్ళలోనూ పప్పు మెత్తగానే ఉడికింది. మొదటి రోజు సారు కాస్త చప్పబడితే చింతపండు ఎక్కువ వేసి సరిచేసింది. మూర్తి మేష్ట్రు ఆ రోజు రెండోసారి పోయించుకోలేదు. ఆమె దాన్ని మనసులో పెట్టుకుంది.

అన్నీ మార్చింది. కొడుకుతో మాత్రం చెప్పలేకపోయింది. నాలుగు రోజులు మాట నోటిదాకా రావడం, వెనక్కి పోవడం. ఊరందరినీ నోరు తెరిపించి చూసిన మనిషికి తన నోరే పెగల్లేదు.

ఆదివారం పొద్దున అలివేలమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చేటలో పప్పు ఏరుతోంది. గోడ దగ్గర ఆనంద్ కూతురికి పళ్ళు తోమిస్తున్నాడు.

"గట్టిగా తోముమ్మా, ఇంగా గట్టిగా."

"నొస్తాది నాన్నా."

"నొచ్చినా తోముకోవాల. నాన్న చిన్నప్పుడు సరిగ్గా తోముకోలేదు, చూడు ఎట్లయినాయో. మీ అవ్వ ఎంత చెప్పినా వినలేదు నేను."

అలివేలమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఇరవై ఐదేళ్ళుగా వాడు ఆ మాట నమ్ముతూనే ఉన్నాడు. ఇప్పుడు బిడ్డకు కూడా చెబుతున్నాడు. చేట పక్కన పెట్టి లేచింది.

"ఆనందా, ఆ బ్రష్షు తియ్యప్పా."

అతను తలెత్తి చూశాడు.

"నువ్వు తోముకోక వచ్చింది కాదప్పా అది. నీళ్ళ వల్ల వచ్చింది. పిల్లప్ప బోరు నీళ్ళు. మంచివని నేను పోసిన నీళ్ళు. పండ్లు లోపల్నే చెడిపోయినాయంట. నువ్వు తోముకుంటానే ఉంటివి, నేనే నమ్మకపోతిని. ఇటుక పొడేసి రుద్దినాను, కొట్టినాను. తప్పు నాదప్పా."

ఆనంద్ కూతురి చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. ధన్య నోటి చుట్టూ నురగతో ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈ క్యాన్లన్నీ ఇందుకేనా?" అన్నాడు ఆనంద్.

"ఇందుకే. నీకు చెప్పేదానికి మొహం చెల్లలేదు."

"రోజుకు మూడుసార్లు తోముకుంటా ఉంటిని మా. నువ్వు చూడకుండా బడి వెనక కూడా తోముకుంటా ఉంటిని."

అలివేలమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇంగోసారి చెప్పు" అన్నాడు.

"ఏమని?"

"నా తప్పు కాదని."

"నీ తప్పు కాదప్పా."

ఆనంద్ పక్కకు తిరిగి గోడలో ఆ ఇటుక వంక చూశాడు. గుంట ఇంకా అలాగే ఉంది. "అయితే ఉత్తపుణ్యానికి గోడ అరగదీస్తివి మా" అన్నాడు. నవ్వొచ్చింది. చెయ్యి అలవాటుగా పైకి లేచిందిగాని అందులో బ్రష్షు ఉంది. దాన్ని అలాగే పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వాడు.

తర్వాత ధన్య ముందు గొంతుక్కూర్చుని బ్రష్షు దాని చేతికే ఇచ్చాడు.

"మెల్లగా తోముకోమ్మా" అన్నాడు. "మెల్లగా చాలు."