గుమ్మానికి గుమ్మం ఎదురు

నిన్న వన్‌టౌన్‌లో దర్గా కొండ కింది సందులోకి వెళ్లాను. నా చిన్ననాటి స్నేహితురాలు మెహర్ వాళ్ల తలుపు వెనక అడ్డగోడ ఇంకా ఉంది. తడి సున్నం వాసన తగలగానే మళ్లీ మూడో క్లాసు పిల్లనైపోయాను.

మనమంతా కలిసి పెరిగిన పోర్టు క్వార్టర్సు గుర్తున్నాయా? గీత గీసినట్టు వరసలు, గుమ్మానికి గుమ్మం ఎదురు. నాన్న తాగొచ్చి అమ్మ మీద కంచం విసిరితే, ఎదురింటివాళ్లు అన్నం తింటూనే చూసేవారు. మీలో కొందరికి తెలుసు.

మెహర్ వాళ్ల సందు మెలికలు తిరిగేది. ఏ గుమ్మమూ ఇంకో గుమ్మాన్ని చూడదు. తలుపు తీస్తే గోడ, దాని పక్కనుంచి తిరిగితేనే ఇల్లు. పాత సాయిబుల పేటలన్నీ అలాగే కట్టేవారట. ఓ సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. మెహర్ వాళ్లమ్మ ఏమీ అడగలేదు. అమ్మను గోడ వెనక్కి తీసుకెళ్లి, "ఏడుపొత్తే ఇక్కడ ఏడ్సీ అప్పా. ఈదిలోకి అగుపడవు" అంది.

మర్నాడు నాన్న గడ్డం గీసుకుంటుంటే అడిగాను.

"నాన్నా, మనకీ తలుపు వెనకాల గోడ కట్టిస్తావా?"

"ఎందుకే?"

"నువ్వు అమ్మని కొట్టేటప్పుడు ఎవరికీ కనపడదు."

నాన్న బుగ్గ మీద సబ్బు నురగ అలాగే ఎండిపోయింది. ఆ రోజు డ్యూటీ మానేసి, గుమ్మానికి మేకులు కొట్టి, అమ్మ పాత చీర పరదాగా కట్టాడు. ఒక్కసారీ తలెత్తలేదు.

కొట్టొద్దని అడగాలని నాకు తోచలేదు, చూడండి. గోడ అడిగాను.

అప్పట్నుంచీ నాన్న మొదట పరదా దించి, ఆ తర్వాతే చెయ్యెత్తేవాడు.