నిమ్మకాయ పెట్టే మర్యాద

ప్రెస్సు మిషను మీద ఎవరైనా చెప్పుకాలు ఆనిస్తే ఆంజప్ప ఊరుకునేవాడు కాడు. పైవాడని చూడడు, కిందివాడని చూడడు, నోటికొచ్చిన తిట్టు తిట్టేవాడు. మిగతా విషయాల్లో ఇంత నెమ్మదైన మనిషి కెలమంగలం చుట్టుపక్కల లేడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి హోసూరు పోవడం, కార్ల తలుపులకు గొళ్లేలు కొట్టే ప్రెస్సు ముందు నిలబడటం, రేకు పెట్టి, పెడలు తొక్కి, ముక్క తీయడం. ఇరవై ఏళ్ల పైమాట, అదే బతుకు. చేతికింద నేర్చుకున్నవాళ్లు పెద్ద కంపెనీలకు పోయినా, ఇతను మాత్రం ఆ మిషను విడిచిపెట్టలేదు.

అందుకు దొరికిన ప్రతిఫలం ఏడాదికొక్క రోజు. ఆయుధపూజ నాడు మిషన్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, అరటిపిలకలు కడతారు. ఓనరు పట్టుపంచె కట్టుకుని వచ్చి హారతిస్తాడు. ఆ తర్వాత పెద్ద ప్రెస్సు అచ్చు మీద నిమ్మకాయ పెట్టి, అందరూ గోవిందా అని అరిస్తే, ఒకడు పెడలు తొక్కుతాడు, పై అచ్చు దబ్బున దిగుతుంది. కాయ చితికిందంటే ఆ ఏడాదికి మిషను మనిషి రక్తం అడగదని నమ్మకం. ఆ కాయ పెట్టే మర్యాద అందరికంటే పాత ఆపరేటరుది. ఆంజప్పది. ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని బయలుదేరుతుంటే పెళ్లాం పరిమళ, "ఏమప్పా, పెండ్లిచూపులకా?" అని ఎగతాళి చేసేది. అతను నవ్వి ఊరుకునేవాడు గానీ, లోపల ఎంత మురిసిపోయేవాడో ఆమెకు తెలుసు.

రెండేళ్ల కిందటి ఆయుధపూజకు అచ్చు కడిగినవాళ్లు నూనె కాస్త ఎక్కువే పూశారు. ఆంజప్ప పెట్టిన నిమ్మకాయ నిలవకుండా పక్కకు దొర్లింది. దాన్ని సరిగ్గా పెడదామని మళ్లీ చెయ్యి లోపలికి పోనిచ్చాడు. వెనకనున్న వాళ్లకు అది కనబడలేదు. గోవిందా అని అరిచేశారు. ఆ మాట వింటే పెడలు తొక్కాలి, ప్రతి ఏడూ జరిగేది అంతే. మునిరాజ్ తొక్కేశాడు. వాడికి పని నేర్పింది ఆంజప్పే, అన్నా అన్నా అంటూ చుట్టూ తిరిగేవాడు, వాడే తొక్కాడు. కుడిచేతికి బొటనవేలొకటి మిగిలింది.

ఇఎస్‌ఐ కార్డు ఉంది కాబట్టి ఆపరేషనుకు చేతినుంచి పైసా పడలేదు. కట్లు విప్పేదాకా సెలవు జీతమూ వచ్చింది. ఇక చెయ్యగలిగింది లేదని డాక్టరు అన్నాక మిగిలింది ఒక్కటే ఆశ. పోయిన వేళ్లకు బదులు బతికినన్నాళ్లూ ఇచ్చే పింఛను. అది రావాలంటే దెబ్బ కంపెనీ పనిలో ఉండగా తగిలిందని తేలాలి. కంపెనీ ఏం రాసిచ్చిందంటే, ఆ రోజు సెలవు, పని జరగలేదు, పనివాళ్లు తమ భక్తి కొద్దీ వచ్చి పూజ చేసుకున్నారు అని. పట్టుపంచె కట్టుకుని హారతిచ్చిన ఓనరు ఆ కాగితంలో ఎక్కడా లేడు.

అయినా దారి మూసుకుపోలేదు. విచారించడానికి ఇఎస్‌ఐ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి ఇంటికే వచ్చాడు. మంచివాడే. పరిమళ ఇచ్చిన కాఫీ తాగి, నెమ్మదిగా అడిగాడు. "నిమ్మకాయ పెట్టమని మీకు ఎవరు చెప్పినారు?"

ఆంజప్పకు చురుక్కుమంది. చెప్తే చేసేవాడా తను? నిన్నగాక మొన్న చేరినవాడా? మంచంలో నిటారుగా కూర్చుని, వేళ్లు పోయిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అన్నాడు.

"నాకు ఎవురు చెప్పల్ల సారూ? అది నా మర్యాద. ఎవురూ చెప్పకపోయినా నేనే పెట్టేది."

ఆయన రాసుకుని పోయాడు. దెబ్బ తగిలిన తర్వాత ఆంజప్ప కడుపునిండా అన్నం తిన్నది ఆ రాత్రే. పిచ్చి మనిషి! తన కొంప తనే ముంచుకున్నానని అప్పటికి అతనికి తెలీదు.

తన ఇష్టంతో చేసిన పనిలో తగిలిన దెబ్బ కాబట్టి పింఛను రాదని జవాబొచ్చింది. పరిమళ తల బాదుకుంది. "ముందురోజు మేనేజరు శరవణన్ సారు ఫోన్ చేసినాడు కదా! ఓనరు వస్తాడు, పొద్దున్నే రావల్ల, నువ్వు లేకుంటే పూజ కాదు అన్నాడు కదా! నేను ఈడనే ఉండి విన్నాను. ఆ మాట ఎందుకప్పా చెప్పలేదు?"

ఎందుకు చెప్పలేదు? పిలిస్తే పోయినవాడు కూలివాడవుతాడు, పిలవకపోయినా పోయినవాడు పెద్దమనిషి అవుతాడు. అంతకు మించి కారణం లేదు. 

అక్కణ్ణుంచి మొదలయ్యాయి అగచాట్లు. ఎడంచేత్తో మల్బరీ ఆకు కోయబోతే కొమ్మతో సహా విరిగొచ్చేది. పట్టుపురుగుల షెడ్డు వాళ్లు రెండో రోజే వద్దన్నారు. వాచ్‌మన్ పనికి పోతే కర్ర ఎట్లా పట్టుకుంటావని నవ్వారు. పరిమళ గులాబీ తోటలో కూలికి పోతోంది. ముళ్లు దిగిన చేతులతో వచ్చి అతనికి అన్నం కలిపి పెడుతుంది. ఆ ముద్ద మింగేటప్పుడు అతనికి చచ్చిపోవాలనిపించేది. ఒకసారి ఆ మాట పైకి అనేశాడు కూడా. ఆమె ఆ ముద్ద అతని నోట్లో పెట్టి, మర్నాడే అతన్ని ఇఎస్‌ఐ ఆఫీసుకు తీసుకుపోయింది. అప్పుడే మళ్లీ విచారణ కోరుతూ అర్జీ పెట్టారు.

 శరవణన్ కోసం ఆంజప్ప కంపెనీ గేటు దగ్గర పడిగాపులు కాశాడు. కారు ఆగితే అద్దం దగ్గరికి వంగి, "సార్, ఫోన్ చేసి రమ్మన్నానని ఒక్క మాట చెప్పండి సార్. నా ఇంట్లో దీపం పెట్టినోళ్లవుతారు" అన్నాడు.

"చెప్తే నా పని పోతుందప్పా. సెలవు రోజు మిషను నడిపించినామని కంపెనీ మీద కేసవుతుంది." అద్దం పైకి లేచింది.

ఇక మిగిలింది మునిరాజ్. ఆ ఫోన్ సంగతి వాడికీ తెలుసు. పూజరోజు పొద్దున బస్సులో ఆంజప్పే వాడికి చెప్పాడు. ఆ పెడలు తొక్కిన నాటి నుంచి వాడు ఆంజప్ప ఇంటి వైపు రాలేదు, మొహం చెల్లక. కంపెనీ వాళ్లు వాణ్ణే సాక్షిగా తెస్తున్నారని తెలిసి పరిమళ ధైర్యం చెప్పింది. "వాడు నీ అన్నం తిన్నాడు. వాడు అబద్ధం చెప్పడు."

విచారణ కృష్ణగిరిలో. భువన అనే అధికారిణి, తెలుగు వచ్చిన మనిషే, కాస్త దయగల మొహమే. శరవణన్ చెప్పాల్సిన అబద్ధం చెప్పి కూర్చున్నాడు. తర్వాత ఆమె మునిరాజ్‌ను అడిగింది. "ఆంజప్పను ఆ రోజు ఎవరైనా పిలిచారా? ఎవరైనా కాయ పెట్టమన్నారా?"

మునిరాజ్ ఆంజప్ప వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లు.

"అన్నకు ఎవురు చెప్తారు మేడం? అన్నంటే మా కంపెనీలో అందరికీ భయం, భక్తి. ఓనరు కూడా అన్న ముందు చెప్పులు విప్పల్సిందే. మా అందరికీ పని నేర్పించింది అన్నే. కాయ పెట్టేది అన్న మర్యాద. ఒకరు పిలిస్తే వచ్చే మనిషి కాదు మేడం."

వాడు నిలువెల్లా ప్రేమతోనే చెప్పాడు. ఉద్యోగమూ నిలబడుతుంది, అన్న గౌరవమూ నిలబడుతుంది అనుకున్నాడు. అన్ని ఏళ్లలో ఇట్లాంటి మాట నలుగురిలో ఎవరైనా అంటే బాగుండునని ఆంజప్ప ఎన్నిసార్లు అనుకున్నాడో! ఇప్పుడు అంటున్నారు, అధికారుల ముందు, పేరుపెట్టి. 

"లేదమ్మా!" అని లేచాడు. "నాకు మర్యాదా లేదు, ఏమీ లేదు. ఫోన్ చేసినారు, వచ్చినాను. పెట్టమన్నారు, పెట్టినాను. కూలోణ్ణమ్మా నేను. ఏం చెప్తే అది చేసేవోణ్ణి."

భువన కాగితాలు చూసి నిట్టూర్చింది. "మొదట మీరే ఎవరూ చెప్పలేదని రాయించినారు కదప్పా. ఇప్పుడు ఇద్దరు సాక్షులూ అదే చెప్తున్నారు. నేనేం చేసేది?"

ఆ ఫోను తను విన్నానని పరిమళ ముందుకొచ్చి చెప్పినా, పెళ్లాం మాట ఎవరూ రాసుకోలేదు. మునిరాజ్ గబగబా వచ్చి ఆంజప్ప భుజాలు పట్టుకున్నాడు. "అన్నా, అట్లా అనద్దన్నా. నువ్వు కూలోడివా? నువ్వు మాకు పెద్దోడివి."

ఆంజప్ప అక్కడే, అందరి ముందూ, వాడి కాళ్ల మీద పడ్డాడు.

"పెద్దోణ్ణి చెయ్యద్దురా మునిరాజా. నీకు దండం పెడతా, నన్ను చిన్నోణ్ణి చెయ్యరా. ఆ మేడంకు చెప్పరా, నేను చిన్నోణ్ణని."