కారు తలుపు పట్టుకున్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ నన్ను పిరికిది అనేవారు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. బోనాల నాడు పోతరాజు కొరడా చప్పుడు గల్లీ చివర వినిపిస్తే చాలు, నేను బియ్యం డబ్బా వెనక దూరేదాన్ని. పక్కింటి అక్క వచ్చి కాళ్ళు పట్టి బయటికి లాగేది. కానీ ఆ భయాలన్నీ పొద్దుపోయేసరికి పోయేవి. పోకుండా నన్ను పట్టుకున్న భయం ఒకటే. అది మా మేనమామ కారు తలుపు.

మామకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ దాన్ని కిరాయికి తిప్పేవాడు. లాల్‌దర్వాజాలో మేము అద్దెకున్న ఇంటి ముందు గల్లీ ఏటవాలుగా ఉంటుంది. ఆ కారు వెనక తలుపు తెరిస్తే తెరిచినట్టు నిలబడేది కాదు. తలుపును ఆపి పట్టే పట్టీ ఒకటి లోపల ఉంటుంది, దాని మేకు విరిగిపోయింది. తెరిచి చెయ్యి తీస్తే చాలు, తనంతట తానే వచ్చి దభాలున మూసుకునేది. ఎవరైనా అడిగితే మామ "ఏం గాదు తియ్, జర మోకాలు అడ్డం వెట్టున్రి" అనేవాడు. ఏం గాదు అన్నది ఆయన ఊతపదం.

ఒకరోజు అమ్మమ్మ గుడికి పోయివచ్చి కారు దిగుతుంటే ఆ తలుపు ఆమె చేతి మీద పడింది. ముందు గాజులు చిట్లిన చప్పుడు, ఆ తర్వాత అమ్మమ్మ కేక. పక్కనే ఉన్నది నేనే. నేను ఎంత లాగినా తలుపు రాలేదు. మామ అటువైపు నుంచి పరుగెత్తుకొచ్చి తీశాడు. ఎముక విరగలేదు గానీ చెయ్యి వాచింది, గోళ్ళు నల్లబడ్డాయి. ఆ రోజు నుంచి నేను కారు పక్కకు పోలేదు. పడుకున్నప్పుడు కూడా చేతులు చంకల్లో దాచుకునేదాన్ని.

అప్పుడు మా అమ్మకు నెలలు నిండాయి. నొప్పులొస్తే ఆసుపత్రికి ఆ కారులోనే పోవాలి. తలుపు బాగు చేయిస్తేనే ఎక్కుతాను, లేకపోతే రిక్షాలో పోతాను అని అమ్మ మామకు తేల్చి చెప్పింది. మామ సరే సరే అన్నాడు. ఆయన సరేకు అర్థమేమిటో సొంత చెల్లెలు, మా అమ్మకు తెలియదా! అందుకే నన్ను వెంట పంపింది. "నువ్వు కండ్లార జూసొచ్చి చెప్పు. ఆయన జెప్తే నేను నమ్మ" అంది. నాకు ఏడుపొచ్చింది. కానీ అమ్మ అంత పొట్టతో ఆ తలుపులోంచి ఎక్కడం తలుచుకుంటే ఇంకా భయమేసింది. ముందు సీట్లో మామను ఆనుకుని ముడుచుకుని కూర్చున్నాను.

యాకుత్‌పురా స్టేషన్ పక్కన, పట్టాలకు దగ్గరగా ఒక రేకుల షెడ్డు ఉండేది. కార్లు బాగుచేసే ఆ పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన కుడిచేతి నడిమి వేలు సగమే ఉంది. దాన్ని చూడగానే నేను మామ వెనక్కి పోయాను. ఆ రోజు షెడ్డులో పనివాళ్ళెవరూ లేరు. అందరూ ఏదో పెళ్ళికి పోయారట.

ఆ పని కాస్త చెప్పాలి. తలుపు తిరిగే బందుల వైపు, తలుపుకూ కారుకూ నడుమ ఒక సందు ఉంటుంది. తలుపు తెరిస్తే అందులో వేళ్ళు పడతాయి, మూస్తే గడ్డిపోచ కూడా పట్టదు. కొత్త మేకు ఆ సందులోనే దిగాలి. చెక్క అడ్డం పెడితే కుదరదు, ఎందుకంటే మేకు చిల్లులోకి దిగేదాకా తలుపును కొంచెం తెరుస్తూ కొంచెం వదులుతూ ఉండాలి. కాబట్టి మనిషే పట్టుకోవాలి. ఆ షెడ్డులో దానికొక కట్టుబాటు ఉంది. సందులో చెయ్యి పెట్టేవాడు "హాథ్ అందర్", అంటే చెయ్యి లోపలుంది అని అరవాలి, తలుపు పట్టుకున్నవాడు అదే మాట తిరిగి అనాలి. ఆ తర్వాత అతను చెయ్యి బయటికి తీసి "హాథ్ బాహర్" అన్నది చెవిన పడేదాకా, నిజాం నవాబు వచ్చి నిలబడ్డా సరే, తలుపు వదలకూడదు.

మామ ఒంటిచేత్తో తలుపు పట్టుకున్నాడు. రెండో చేతిలో బీడీ. ఉస్తాద్ సందు ముందు గొంతుక్కూర్చుని "హాథ్ అందర్" అన్నాడు. మామ నవ్వుతూ ఆ మాట తిరిగి అన్నాడు. అంతలో రోడ్డు మీద పోతున్న దోస్తు ఎవరో కేకేస్తే అటు తిరిగాడు. తలుపు కదిలింది. సందులో ఫట్‌మని చప్పుడైంది.

నేను పెట్టిన అరుపుకు పక్క షెడ్డువాళ్ళు కూడా బయటికొచ్చారు. ఉస్తాద్ నిమ్మళంగా లేచి తన రెండు చేతులూ నాకు చూపించాడు. తర్వాత సందులోంచి విరిగిన వేపపుల్ల తీసి మామ అరచేతిలో పెట్టాడు. ఆయన అసలు చెయ్యి పెట్టనేలేదు. కొత్తవాళ్ళు ఎవరు తలుపు పట్టుకున్నా ముందు పళ్ళు తోముకునే పుల్ల పెట్టి చూస్తాడట. మామ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఏం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"ఇధర్ ఆ బేటీ, నువ్వు పట్టు" అన్నాడు ఉస్తాద్. నేను పట్టనన్నాను. భయమని ఏడ్చాను. మామ కూడా "గది ఉత్త పిరికిది ఉస్తాద్, దానితోని గాదు" అన్నాడు.

"గందుకే గదా పిలుస్తున్న" అన్నాడాయన. తన సగం వేలు నా ముందుకు చాపి, "గిది పోయిన దినం తలుపు మా భాయ్ పట్టిండు. మస్తు ధైర్యం ఉండె వానికి" అన్నాడు.

నన్ను తలుపుకూ కారుకూ మధ్య నిలబెట్టి, వీపు తలుపుకు ఆనించి, కాళ్ళు కారు గడపకు తన్నిపెట్టమన్నాడు. నాకు కూడా ముందు పుల్లే పెట్టాడు. పుల్ల నలగలేదు. అప్పుడు నిజంగా వేళ్ళు పెట్టి "హాథ్ అందర్" అన్నాడు. రెండుసార్లు అన్నా నేను ఆ మాట తిరిగి అనలేదు. మూడోసారికి అన్నాను. కొంచెం తెరువు అంటే తెరిచాను, కొంచెం వదులు అంటే వదిలాను. వీపు వెనక ఆ తలుపు బరువు నన్ను నెడుతూనే ఉంది. నేను జారితే ఆయన వేళ్ళు పోతాయన్న సంగతి తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

సరిగ్గా అప్పుడే రైలొచ్చింది. కూత, రేకుల మోత, కాళ్ళ కింద నేల అదురు. నాకు ఏమీ వినిపించలేదు. కాళ్ళు గడగడ వణుకుతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని ఇంకా గట్టిగా తన్నిపెట్టాను. రైలు పోయింది. మామ వచ్చి "అయిపోయింది, వదులు బిడ్డా" అన్నాడు. నేను వదల్లేదు. ఉస్తాద్ నోటి నుంచి ఆ మాట నేను వినలేదు కదా. చివరికి ఆయనే నా ముందుకొచ్చి కూర్చుని, రెండు చేతులూ నా కళ్ళ ముందు ఆడించి, "హాథ్ బాహర్, బేటీ" అన్నాడు. రైలు పోతున్నప్పుడే ఒకసారి అన్నాడట. నేను వదిలాను. తలుపు ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. నేను మాత్రం నిలబడలేక నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఉస్తాద్ నా తల నిమిరి మామతో, "భయం ఉన్నోళ్ళ చెయ్యి జారదు భాయ్" అన్నాడు.

నేను కళ్ళారా చూశానని చెప్పాకే అమ్మ ఆ కారెక్కింది. చెల్లెలు పుట్టింది. ఇంట్లో నన్ను పిరికిదనడం ఎవరూ మానలేదు, నాకు భయపడటం కూడా పోలేదు. ఇప్పటికీ ఉరిమితే దుప్పటి లాక్కుంటాను. కానీ ఆ పేరు విని తల వంచుకోవడం మాత్రం ఆ రోజుతో పోయింది.

మొన్న మా మనవరాలికి మొదటిసారి నీళ్ళు పోసేటప్పుడు కోడలు గోడకు అతుక్కుపోయి నిలబడింది. "నా చేతులు వణుకుతున్నయ్ అత్తమ్మా, జారిపోతదేమో" అంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వి, ఇంతమంది పసిపిల్లలకు పోసినదాన్నని నన్నే పీట మీద కూర్చోబెట్టారు. నేను లేచి కోడలిని కూర్చోబెట్టాను. చాపిన ఆమె కాళ్ళ మీద పాపను పడుకోబెట్టి, నేను నీళ్ళు మాత్రం పోశాను. ఆఖరి చెంబు దాకా కోడలి చేతులు వణుకుతూనే ఉన్నాయి. పాప ఇసుమంత కూడా జారలేదు.