రెండేళ్ళ చదువుకి రెండు సంతకాలు

ఆర్ఫా అక్కకి ముక్కు మీద కోపం అని మా స్టిల్‌హౌస్ వాగు పొడుగునా ఎవర్నడిగినా చెబుతారు. నేను ఆమెకి తోడికోడలిని కాబట్టి ఆ కోపం సెగ నాకు అందరికన్నా ఎక్కువే తగిలింది. పెళ్ళయిన కొత్తలో నేను చేసిన మొక్కజొన్న రొట్టెని చేత్తో ఎత్తి చూసి, "దీన్ని గనికి పంపించు, పైకప్పు కూలకుండా కింద పెట్టుకుంటారు" అంది. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు ఆమెని తలుచుకుంటే కోపం వచ్చేది ఆమె మీద కాదు, మా చర్చి మీద. నేను ఇంకా ప్రతి ఆదివారం వెళ్ళి కూర్చుంటున్న చర్చి మీదే.

అక్క మా ఊరి బళ్ళో వంటమనిషిగా చేసి రిటైరయింది. ప్లేట్లో చిక్కుడుగింజలు వదిలేసిన పిల్లాడు ఎవడైనా సరే, ఆమె గరిటె పట్టుకుని వెనక నిలబడితే కిక్కురుమనకుండా తినేవాడు. ఆమె భర్త లాయిడ్ బావ బొగ్గుగనిలో పనిచేసి, ఛాతీ నిండా బొగ్గుపొడి నింపుకుని, కూర్చునే నిద్రపోతూ కొన్నేళ్ళు బతికి పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. వాళ్ళకి ఒక్కతే కూతురు, డ్రీమా.

అక్క ఇంకా పనిలో ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బడిలో భోజనాల వేళ డ్రీమా వంటింటి వెనక తలుపు దగ్గరికి వచ్చి, మూడేళ్ళ పిల్ల కెండ్రాని బంగాళాదుంపల బస్తా మీద కూర్చోబెట్టింది. "కొట్టుదాకా వెళ్ళొస్తానమ్మా, చూస్తుండు" అంది. ఆ కొట్టు ఎక్కడుందో మాకు ఇప్పటికీ తెలీదు. ఒహాయోలో కనిపించిందని ఒకరు, మత్తుమాత్రలు మింగి ఆస్పత్రిలో పడిందని ఒకరు చెప్పేవారు. పిల్ల కోసం ఒక ఫోను లేదు, పుట్టినరోజుకి ఒక కార్డు ముక్క లేదు. కెండ్రా మాత్రం బస్తా మీంచి దిగి అక్క వంటింట్లో పెరిగింది.

"జడ్జి దగ్గరికి వెళ్ళి పిల్ల నీదని కాగితం రాయించుకో అక్కా" అని నేను అప్పుడే చెప్పాను.

"నా కడుపున పుట్టినదాని మీద నేను కోర్టుకెక్కనా? నా మనవరాలికి అన్నం పెట్టుకోడానికి టై కట్టుకున్నవాడి పర్మిషన్ కావాలా? నీకు బుద్ధుందా అసలు?" అని నా మీద పడింది.

మా వైపు ఎవరూ అలాంటి పనికి కోర్టుకి వెళ్ళరు. వెళ్తే ఇంటిగుట్టు బజారున పెట్టినట్టు. బళ్ళో, డాక్టరు దగ్గర, ఎక్కడ సంతకం కావాలన్నా అక్కే పెట్టేది. ఆమె ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

లాయిడ్ బావ ఆఖరి రోజుల్లో ఆక్సిజన్ గొట్టం జారిపోకుండా పట్టుకుని కూర్చున్నది ఈ కెండ్రానే. అది పెద్దయ్యాక, "అమ్మమ్మా, ఊపిరాడనివాళ్ళని చూసుకునే చదువు ఒకటుందట. మన కౌంటీ పట్నంలో కమ్యూనిటీ కాలేజీలోనే. రెండేళ్ళు" అంది. అక్క ఆ రాత్రి పండగలకి చేసే యాపిల్ పై చేసి సగం మా ఇంటికి పంపింది. అంత సంతోషం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు.

దరఖాస్తు పెట్టిన వారానికే సీటొచ్చింది. మా ఆయన హోబర్ట్ ఊరుకోకుండా, "ఆ కాలేజీలో మా కుక్క దరఖాస్తు పెట్టినా సీటిస్తారు వదినా" అన్నాడు.

"పెట్టించు మరి. మీ ఇంట్లో ఒకరైనా చదువుకున్నవాళ్ళు ఉంటారు" అంది అక్క.

సీటు సంగతి సరే, ఫీజు ఎక్కణ్ణించి వస్తుంది? మా వాగు పిల్లలు ఎవరు చదివినా ప్రభుత్వం ఇచ్చే సాయంతోనే చదవాలి. దానికి వేరే దరఖాస్తు ఉంటుంది. లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని కెండ్రా ఒకచోట ఆగింది. "అమ్మమ్మా, ఇక్కడ తల్లి పేరు అడుగుతున్నారు."

"నా పేరు రాయి. ఇంకెవర్ని రాస్తావు, ఇంగ్లండు రాణినా?"

అది రాసింది. ఇద్దరిలో ఎవరికీ తప్పు చేస్తున్నామన్న అనుమానమే లేదు.

నెల తిరక్కుండానే కాలేజీ నుంచి పిలుపొచ్చింది. నేనూ వెళ్ళాను. సాయం చూసే ఆఫీసులో ప్రూయిట్ అనే కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, మాకు కుర్చీలు వేసి మరీ చెప్పాడు. "అమ్మమ్మ అంటే తల్లి కిందకి రాదండీ. కోర్టు నుంచి కాగితం ఏమైనా ఉందా?"

"లేదు. ఇప్పుడు తెస్తా."

"అమ్మాయికి పద్దెనిమిది నిండాయి కదండీ, ఇప్పుడు తెచ్చినా పనికిరాదు. మీరు పెంచలేదని నేననట్లేదు. ఈ దరఖాస్తుకి మాత్రం మీరు ఎవరూ కారు, అంతే."

అక్క మొహం పాలిపోయింది. దారులు రెండే ఉన్నాయని ఆ కుర్రాడు చెప్పాడు. కన్నతల్లి తన వివరాలిచ్చి సంతకం పెడితే ఫీజంతా సాయం కింద వస్తుంది. లేదంటే తల్లి పిల్లని వదిలేసి వెళ్ళిందని బంధువులు కానివాళ్ళు, పాస్టర్ లాంటివాళ్ళు రాసివ్వాలి. నేను రాస్తానన్నాను. తోడికోడలు బంధువే కదండీ అని నవ్వాడు.

అక్కడే వచ్చింది అసలు గొడవ. అంతకుముందు శరత్కాలంలో డ్రీమా తిరిగొచ్చింది. తల్లి ఇంటికి కాదు, చర్చికి. ముందు బెంచీ దగ్గర మోకాళ్ళ మీద పడి ఏడ్చింది, వాగులో బాప్తిస్మం తీసుకుంది, మా సంఘమంతా ఒడ్డున నిలబడి పాటలు పాడింది. చర్చి వెనక ఉన్న చక్రాల ట్రైలర్ ఇల్లు దానికి ఊరికే ఇచ్చారు.

అక్క పాస్టర్ బ్రదర్ ఎస్టిల్ దగ్గరికి వెళ్ళి రెండు ముక్కలు రాసివ్వమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "సిస్టర్ ఆర్ఫా, నీళ్ళలో మునిగి లేచిన మనిషి పాత పాపం మళ్ళీ ఎత్తకూడదని మన సంఘం కట్టుబాటు. దాన్ని కాగితం మీద పెట్టమంటావా?"

"పాపం కడిగేస్తే కడిగారు. పిల్ల ఉందిగా! ఆ పిల్లని కూడా కడిగేశారా?"

ఆయన ప్రార్థన చేద్దాం అన్నాడు. ఆయన రాయనన్నాక ఇంకెవరూ రాయలేదు. మా వాగు పొడుగునా మాకు చుట్టాలు కానివాళ్ళంతా ఆ సంఘంలోవాళ్ళే.

ఇక మిగిలింది డ్రీమా. కెండ్రా వెళ్ళి అడిగింది. నేను తోడు వెళ్ళాను. డ్రీమా కాఫీ ఇచ్చి, పిల్ల జుట్టు నిమిరి, "సంతకందేముందే బంగారం, కన్నతల్లిని, పెట్టనా?" అంది. తర్వాత మెల్లగా బయటపెట్టింది. "తల్లుల ఆదివారం వస్తోందిగా. ఆ రోజు నువ్వు నా పక్కన కూర్చోవాలి. ఎర్రపువ్వు పెట్టుకుని లేచి, ఈవిడే మా అమ్మ అని అందరి ముందూ చెప్పాలి. సోమవారం సంతకం పెడతా."

మే నెలలో వచ్చే ఆ ఆదివారం మా చర్చికి అందరూ పువ్వు గుచ్చుకుని వస్తారు. తల్లి బతికుంటే ఎర్రపువ్వు, పోతే తెల్లపువ్వు. పసిపిల్లలకి కూడా ఆ తేడా తెలుసు. కెండ్రా ఎప్పుడూ ఎర్రది పెట్టుకుని అక్క పక్కనే కూర్చునేది.

"వెళ్ళి కూర్చో. నోటిమాటేగా, అరిగిపోతావా?" అని అక్కే దాన్ని తోలింది.

కెండ్రా చెప్పమన్నది చెప్పింది. జనం ఆమెన్ అన్నారు. అప్పుడు డ్రీమా లేచి సంఘం వైపు తిరిగింది. దాని గుండెల మీద తెల్లపువ్వు ఉంది. దాన్ని కన్న తల్లి నాలుగో బెంచీలో, నా పక్కన, నిక్షేపంగా ఊపిరి పీలుస్తూ కూర్చుని ఉంది. చూడనివాళ్ళు లేరు. అడిగినవాళ్ళు లేరు. నేను లేవబోతే అక్క నా మణికట్టు పట్టుకుని కిందకి లాగింది.

సోమవారం కెండ్రా ఇంట్లోకి రాగానే అక్క అడిగిన మాట ఒక్కటే. "పెట్టిందా?"

"పెట్టింది. కానీ అమ్మమ్మా, ఇది ఒక్క ఏడాదికే చెల్లుతుందట. వచ్చే ఏడు మళ్ళీ పెట్టాలట."

అక్క స్టవ్ ఆపేసింది.

కెండ్రా ఆ ఏడు క్లాసులో అందరికన్నా ముందుంది. మే నెల మళ్ళీ వచ్చింది. ఈసారి డ్రీమా ధర పెరిగింది. "జనం ఇంకా నన్ను పిల్లని వదిలేసినదానిలాగే చూస్తున్నారు. అమ్మే లేచి తన నోటితో చెప్పాలి, నేను వదల్లేదని, తనే లాక్కుందని."

ఆ మాట మోసుకొచ్చిన కెండ్రా వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చింది. "నేను మానేస్తా అమ్మమ్మా. చదువూ వద్దు, ఏమీ వద్దు. కోళ్ళ ఫ్యాక్టరీలో పనికెళ్తా."

"నోర్ముయ్! మీ తాత గొంతు పట్టుకుని కొట్టుకుంటుంటే చూసినదానివి నువ్వు. ఊళ్ళో ఇంకా ఎంతమంది అలా కొట్టుకుంటున్నారో తెలీదూ? లేచి మొహం కడుక్కో."

ఆర్ఫా అక్క అబద్ధం ఆడగా నేను ఎన్నడూ వినలేదు. నా రొట్టె బాగుందని కూడా ఆడలేదు. ఆ ఆదివారం చర్చిలో అందరూ తమ సాక్ష్యం చెప్పుకునే సమయంలో ఆమె లేచి, ముందు బెంచీ వీపు రెండు చేతులతో పట్టుకుని, వంటింట్లో సామాన్లు చెప్పినట్టు చెప్పింది.

"నా కూతురు పిల్లని వదల్లేదు. నేనే లాక్కున్నాను. అడగడానికి వస్తే తలుపు తియ్యలేదు. అది మంచి తల్లి. తప్పు నాది."

చర్చి చర్చంతా ఏడ్చింది. డ్రీమా పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. బ్రదర్ ఎస్టిల్ కళ్ళు తుడుచుకుని, "సిస్టర్ ఆర్ఫా, దేవుడు క్షమించాడు, మేమూ క్షమించాం" అన్నాడు. ఆ గదిలో నిజం తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. బంగాళాదుంపల బస్తా మీద కూర్చున్న పిల్లకి ఆ రోజు బిస్కెట్లు ఇచ్చినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. వాళ్ళూ ముక్కు చీదుకున్నారు. నాకు వాళ్ళందరినీ చెంపలు వాయించాలనిపించింది.

తెలిసి ఏడ్చినవాళ్ళు ఏడాది తిరిగేసరికి నమ్మేశారు. చర్చి విందుకి వండమని అక్కని పిలవడం మానేశారు. కొట్లో ఒక పడుచుపిల్ల తన కొడుకుని పక్కకి లాక్కుని, "ఆవిడే, కూతురి దగ్గర పిల్లని ఎత్తుకుపోయింది" అని గుసగుసగా చెప్పింది. అక్క విని కూడా పిండి పొట్లం బుట్టలో వేసుకుని ముందుకెళ్ళింది. నాతో మాత్రం, "ఫీజు పడిందటగా?" అంది.

చదువు అయిపోయింది. మూడో మే నెలలో, తల్లుల ఆదివారానికి రెండు రోజుల ముందు, కాలేజీ హాల్లో బ్యాడ్జీలు గుచ్చే వేడుక పెట్టారు. ఒక్కొక్కరి పేరు పిలుస్తారు, ఇంట్లోవాళ్ళు వేదికెక్కి బ్యాడ్జీ గుచ్చుతారు. మేం వెనక కూర్చున్నాం. ముందు వరసలో డ్రీమా కొత్త గౌను వేసుకుని, బ్రదర్ ఎస్టిల్‌నీ ఆయన భార్యనీ వెంటబెట్టుకుని వచ్చింది. కాలేజీ కాగితాల్లో ఉన్న పేరే మైకులో పిలిచారు. "తల్లి, డ్రీమా."

డ్రీమా నవ్వుతూ ఎక్కింది. బ్యాడ్జీ ఉన్న పెట్టె అందుకుని కెండ్రా వైపు తిరిగి, అక్కడే ఆగిపోయింది. కెండ్రా నీలం యూనిఫాం మీద తెల్లగులాబీ ఉంది, అక్క పెరట్లోది. బ్రదర్ ఎస్టిల్ తల దించుకున్నాడు.

"ఏంటే ఇది? నేను బతికే ఉన్నానుగా" అంది డ్రీమా చిన్నగా. మైకు పక్కనే ఉండటంతో హాలంతా వినపడింది.

"ఇంకేమైనా సంతకాలు మిగిలాయా?" అని అడిగింది కెండ్రా.

"లేవు."

"అయితే నువ్వూ లేవు."

దాని చేతిలోంచి పెట్టె లాక్కుని, మెట్లు దిగి, నేరుగా మా వరసకి వచ్చి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వేదిక మీద డ్రీమా ఖాళీ చేతులతో నిలబడి ఉంది. ఎటు దిగాలో దానికి తెలియలేదు. ఎవరూ వెళ్ళి దాన్ని దింపలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. దాచుకోవడం దేనికి, చప్పట్లు కొట్టాను కూడా.

అక్క కొట్టలేదు. బ్యాడ్జీ అందుకోకుండా ముందు ఆ గులాబీని పట్టుకుని పీకేసింది. "ఇది ఎంత లోతుగా దిగుతుందో నీకు తెలీదే. నాకు తెలుసు."

"తెలిసే పెట్టుకున్నా అమ్మమ్మా" అంది కెండ్రా. కళ్ళల్లో ఒక్క చుక్క నీరు లేదు.

అక్క బ్యాడ్జీ గుచ్చింది. ఫొటోలు తీసినంతసేపూ వేదిక వైపే చూసింది. తిరుగు దారిలో కారు నడుపుతున్నది నేనే. మా వాగు మలుపు దగ్గరికి వచ్చినా పువ్వు ఇంకా అక్క గుప్పిట్లోనే ఉంది.

"ప్రాణం పొయ్యడం కాలేజీలో నేర్చుకుంది" అంది. "తియ్యడం మన ఇంట్లోనే నేర్చుకుంది."